ఇంకా రాని రెండు ల్యాంపులు

తిరుపతి నవ్వి తొమ్మిది రోజులైంది.

నల్లబండ బొగ్గుగని కాలనీలో అది చిన్న విషయం కాదు. తిరుపతి నవ్వాడంటే మూడు వరసల అవతల క్వార్టర్లో పడుకున్న పసిపిల్ల లేచి ఏడవాల్సిందే. క్యారమ్స్ ఆడుతూ నవ్వేవాడు. షిఫ్టు దిగి గనిలోంచి బయటికొస్తూ నవ్వేవాడు. పెళ్లిలో పంతులు గోత్రం తప్పు పలికితే పీటల మీదే నవ్వు ఆపుకోలేక, తాళి కట్టడం రెండు నిమిషాలు ఆలస్యం చేశాడు. అలాంటి మనిషి ఇప్పుడు గోడకు వీపు ఆనించి, తలుపు వైపే చూస్తూ అన్నం తింటున్నాడు.

"ఇంకింత పప్పు వెయ్యాల్నా?" అంది స్వరూప.

"వెనక తలుపు గడియ పెట్టినవా?"

"పెట్టిన."

"మల్లొక్కసారి చూడు."

స్వరూప వెళ్లి, పెట్టి ఉన్న గడియను తీసి మళ్లీ పెట్టింది. ఆ చప్పుడు వినబడితే గానీ అతను ముద్ద ఎత్తడని ఆమెకు తెలుసు. ఇదంతా తన చేతులతో తానే చేసిందనీ తెలుసు.

స్వరూప గని రక్షణ పరిశోధనశాలలో ఇంజినీరు. తిరుపతి ఆ గనిలోనే రెస్క్యూ టీము మనిషి. కూలిన కప్పు కింద చిక్కిన కార్మికుల్ని బయటికి తెచ్చేందుకు ఆమె బృందం ఉక్కు కవచాలు తయారుచేసింది. తొడుక్కుంటే ఒక్కడే పదిమంది ఎత్తే బండను ఎత్తగలడు. బలంతో ఏ చిక్కూ రాలేదు. చిక్కంతా అర క్షణంతోనే. నెత్తిమీద బండ 'టక్' మన్నప్పుడు ముందు ఏ కాలు కదపాలో మెదడు తేల్చుకోవడానికి అర క్షణం పడుతుంది. కప్పు కూలడానికి ఆ అర క్షణం చాలు.

అందుకని పలక కనిపెట్టారు. పేకముక్కంత ఉంటుంది. మెడ వెనక అతికిస్తే, ఆరితేరిన వాళ్ల చురుకుదనం నేరుగా నరాల్లోకి అందుతుంది. ఎవరి చురుకుదనం? పన్నెండుమంది రిటైరైన కమాండోలు తమంతట తాముగా ముందుకొచ్చారు. నెలరోజుల పాటు ఒంటినిండా తీగలు కట్టించుకుని దూకారు, పాకారు, ఎగబాకారు. వాళ్ల నుంచి తీసిన పలక పెట్టుకుని తిరుపతి పాత సొరంగంలో పరీక్షకు దిగితే, అందరూ నోళ్లు తెరిచారు. మంటల్లోంచి బొమ్మమనిషిని పద్నాలుగు సెకన్లలో బయటికి తెచ్చాడు.

పలక తీశాక తెలిసింది, చురుకుదనం ఒక్కటే రాలేదని. చేతికి పసుపు అంటినట్టు ఇంకేదో అంటుకుని వచ్చింది. ఆ పన్నెండుమంది ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్నదాన్ని, తిరుపతి తొమ్మిది రోజులుగా మోస్తున్నాడు.

"మూడు వారాల్లో దానంతటదే పోతుంది. మళ్లీ పెడితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది" అన్నాడు డాక్టరు.

డైరెక్టరు చక్రధర్ హైదరాబాదు నుంచి వచ్చాడు. చేతిలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉండే మనిషి. "పన్నెండు రోజుల్లో చివరి పరీక్ష మేడం. పాసైతే నలభైమంది రెస్క్యూ వాళ్లకు ఇవే పలకలు. ఫెయిలైతే కవచాలు స్టోర్‌రూముకు. మధ్యలో ఇంకో దారి లేదు."

కవచాలు స్టోరుకు పోతే, ఈసారి కప్పు కూలినప్పుడు ఎవరి ఇంట్లోనో ఏడుపు. కవచాలు వస్తే నలభై ఇళ్లలో గడియ చప్పుళ్లు. స్వరూప రెండిట్లో దేనికీ సంతకం పెట్టలేకపోయింది.

* * *

ఆదివారం సాయంత్రం నాలుగింటికి తండ్రికి మందులిచ్చి రావాలని ఆమె కార్మికుల గ్రంథాలయానికి వెళ్లింది. ఆయన పోశెట్టి. ముప్పై రెండేళ్లు గని ల్యాంప్ రూములో క్లర్కు. లోపలికి పోయే ప్రతి మనిషికీ నంబరున్న ల్యాంపు ఇవ్వడం, తిరిగొచ్చాక తీసుకుని రిజిస్టరులో రాయడం ఆయన పని. రిటైరైనా రాసే అలవాటు పోలేదు. ఇప్పుడు 'ఉల్కాదళం' పాఠక సంఘానికి కార్యదర్శి.

ఉల్కాదళం అంటే ఒకప్పుడు వారపత్రికలో పద్నాలుగేళ్లు నడిచిన సీరియల్. శనిగ్రహం చుట్టూ తిరిగే చందమామల మీద యుద్ధం. అయిదుగురు మెరికల్లాంటి సైనికులు. అందరికీ ఒకే రకం కవచాలు, ఒకే బలం. బుద్ధులే వేరు. పదకొండేళ్ల కింద పత్రిక మూతపడింది. ఆఖరి సంచికలో కోట కూలుతోంది, ఉక్కు తలుపు కిందికి దిగుతోంది. ముగ్గురు బయటపడ్డారు. లోపల గాయపడిన శత్రు పైలట్ ఒకడు మూలుగుతున్నాడు. గుమ్మంలో మెరుపు లాంటి కెప్టెన్ వజ్రాంగి, కొండ లాంటి సార్జెంట్ భైరవ. ఒకరు తలుపును ఆపాలి, ఒకరు లోపలికి వెళ్లాలి. కథ అక్కడే ఆగిపోయింది.

సంఘం మాత్రం ఆగలేదు.

"ముందు అవతలోళ్లను పొగుడు జబ్బార్ భాయ్" అన్నాడు పోశెట్టి, గడియారం చూస్తూ పెన్ను మూత తీసి.

అదీ సంఘం నియమం. తన వీరుడి గురించి మాట్లాడేముందు ఎదుటివాళ్ల వీరుణ్ణి నిండా ఒక నిమిషం పొగడాలి. ఇరవై ఏళ్ల కింద ఈ గొడవలోనే జబ్బార్ భాయ్, ఒక ఫిట్టరూ కాలర్లు చించుకున్నారు. జబ్బార్ భాయ్ టైలరు కాబట్టి రెండు చొక్కాలూ ఆయనే కుట్టాల్సొచ్చింది. ఆ మర్నాడే పోశెట్టి ఈ నియమం పెట్టాడు.

జబ్బార్ భాయ్ మెడలో టేపుతోనే లేచాడు. "వజ్రాంగి సంగతి చెప్పాల్నంటే... ఏడో చందమామ మీద ఏం చేసింది? దుష్మన్‌గాడు ఫిరంగికి నిప్పు పెట్టినప్పుడు ఆమె బ్యారకుల కూసొని బూట్లు తొడుక్కుంటున్నది. రెండో బూటు తొడగనే లేదు, ఫిరంగి కాడుంది! ఒక్క బూటు మీద!"

"కుడికాలి బూటు మీద. ఎడమది బ్యారకులనే ఉన్నది" సుగుణ టీచర్ సరిదిద్దింది. రిటైరైన లెక్కల టీచరు. వజ్రాంగి పక్షం.

"గదే. నిమిషమైందా?"

"ఇంక పదిహేను సెకండ్లున్నయ్."

"ఇంకేం పొగడాలె... జుట్టు మంచిగుంటది."

గదంతా ఘొల్లుమంది.

తర్వాత సుగుణ టీచర్ లేచింది. "భైరవ మంచుగుహల మందుపాతర తీసిండు. పదకొండు గంటలు ఒక్క చేతి మీద. ముక్కు కొసన చీమ పాకినా చెయ్యి కదలలే."

"శని చందమామ మీద చీమలు యాడివమ్మా?"

"నూట పన్నెండో సంచిక చూస్కో. సామాన్ల పెట్టెల వచ్చినయ్."

వాదం సాగింది. పదకొండేళ్లలో ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. తలుపు ఆపేది కొండ లాంటి భైరవ, లోపలికి ఉరికేది మెరుపు లాంటి వజ్రాంగి. ఆపినవాడు గొప్పా, ఉరికినామె గొప్పా అన్నదే తగువు. ప్రతిసారీ వాదం ఒకే చోట ఇరుక్కునేది. పైలట్‌తో వజ్రాంగి బయటికొస్తుంది, సరే. ఆ తర్వాత నిదానస్తుడైన భైరవ తలుపు వదిలి ఎట్లా బయటపడతాడు?

"చచ్చిపోయిండనుకుందం, అయిపోతది" అన్నాడు వెనక బెంచీలో ఎవరో కొత్తవాడు.

పోశెట్టి పెన్ను కింద పెట్టాడు. నోటుబుక్కు తిప్పి ఒక పేజీ చూపించాడు. ల్యాంప్ రూము రిజిస్టరు లాగే గళ్లు గీసి ఉంది. అయిదు పేర్లు. మూడిటి ఎదుట 'వచ్చె' అని ఉంది. వజ్రాంగి, భైరవ పేర్ల ఎదుట గళ్లు ఖాళీ.

"ముప్పై రెండేండ్లు గీ పనే చేసిన తమ్మీ. ల్యాంపు రాకపోతే మనిషి పోయిండని రాయం. ఇంకా రాలేదంటం. షిఫ్టు బంద్ చెయ్యం. గంతే."

స్వరూప గుమ్మంలోనే నిలబడిపోయింది. బీరువాలో నలభై రెండు లాంగ్ నోటుబుక్కులు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ పలికిన ప్రతి మాటా ఉంది. పొగ వస్తే వజ్రాంగి ఏం చేస్తుంది, ఎందుకు. నేల కుంగితే భైరవ ఏ కాలు కదుపుతాడు, ఎందుకు. ఆరితేరిన సైనికుల తెలివంతా, ఒక్క పీడకల లేకుండా.

"నాయినా, గీ పుస్తకాలన్నీ నాకియ్యి."

పోశెట్టి కళ్లద్దాల పైనుంచి చూశాడు. "ఇస్త. ముందు సంతకం పెట్టు. ఎప్పుడు వాపస్ తెస్తవో తారీకెయ్యి."

* * *

పలకలు తయారుచేసే యంత్రం ఆ పుస్తకాలన్నీ చదవడానికి మూడు రోజులు పట్టింది. అందులో ఒక రోజు పోశెట్టి చేతిరాత అలవాటు కావడానికే పోయింది. రెండు పలకలు తయారయ్యాయి. భైరవ పలక తిరుపతికి, వజ్రాంగి పలక రెస్క్యూ టీములో కొత్తగా చేరిన నాగమణికి.

పెట్టేముందు స్వరూప భర్త మెడ మీద చెయ్యి వేసింది. "వద్దంటే చెప్పు. ఇంకొకర్ని చూస్త."

"ఇంకొకరింట్ల గడియ ఎవరు పెడ్తరు?" అన్నాడు తిరుపతి. "పెట్టు."

పాత సొరంగంలో పొగ వదిలారు. లోపల బొమ్మమనిషి, పక్కన మంట. చక్రధర్ స్టాప్‌వాచ్ నొక్కాడు. కవచాలు రెండూ గుమ్మం దాకా బాణాల్లా వెళ్లి, టక్కున ఆగిపోయాయి.

తిరుపతి గొంతు సవరించుకున్నాడు. "నాగమణి సంగతి చెప్పాల్నంటే... మామూలు మనిషి కాదు. మొన్న పంపు కాడ పైపు పగిల్తె అందరం చూస్కుంట నిలబడ్డం. ఈ పిల్ల చున్నీ తీసి కట్టేసింది..."

"ఏం చేస్తున్నారు వాళ్లు?" అన్నాడు చక్రధర్.

స్వరూపకు పుస్తకాల్లో ప్రతి వాదానికీ ముందు ఏముందో ఇప్పుడు గుర్తొచ్చింది.

తిరుపతి సరిగ్గా నిమిషం పొగిడాడు. తర్వాత నాగమణి అందుకుంది. అచ్చం సుగుణ టీచరు ధోరణి. "తిరుపతన్న ఓపిక గురించి మూడు అంశాలు చెప్పుకోవాలె. ఒకటి..." మూడో అంశం పూర్తయ్యేసరికి బొమ్మమనిషి మసైపోయాడు.

చక్రధర్ స్టాప్‌వాచ్ ఆపాడు. "మేడం, ఇది రెస్క్యూ టీమా, సన్మాన సభా?"

స్వరూప ఆ సాయంత్రం తల వంచుకుని ఇంటికి నడిచింది. గేటు దగ్గర ఆగిపోయింది. పక్కింటి యాదగిరితో తిరుపతికి నీళ్ల పైపు గొడవై రెండేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు యాదగిరి తన అరుగు మీద కూర్చుని బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. మెడ వెనక పలక లేకపోయినా, గోడకు ఇవతల నుంచి తిరుపతి చెబుతున్నాడు.

"నీ అంత వరస తప్పకుండ చెట్లకు నీళ్లు పోసేటోణ్ణి నేను చూడలేదు యాదగిరన్నా. గా సన్నజాజి నీ చేతులల్లనే బతికింది. మా ఇంట్లైతే ఎప్పుడో ఎండిపోయేది. ఇగ పైపు సంగతి..."

"పైపు నీ దిక్కే పెట్టుకో తమ్మీ" అన్నాడు యాదగిరి కంగారుగా. "నీకేమన్న జరమొచ్చిందా?"

అప్పుడు నవ్వాడు తిరుపతి. పొట్ట పట్టుకుని, గోడ మీద చెయ్యి కొట్టుకుంటూ నవ్వాడు. మూడు వరసల అవతల పసిపిల్ల లేచి ఏడుపు అందుకుంది.

స్వరూప లోపలికెళ్లి చారు పొయ్యి మీద పెట్టింది. అన్నం పెట్టేటప్పుడు వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. తిరుపతి దానికి వీపు పెట్టి కూర్చుని రెండోసారి చారు అడిగాడు.

* * *

పాత భయాన్ని కొత్త పలక తుడిచేసింది, మనిషి దక్కాడు. పరీక్షే దక్కాలి. ఇక మిగిలింది ఆరు రోజులు.

పొగడ్తలు తీసేస్తే సరిపోతుందనుకుంది స్వరూప. తీసి చూసింది. కవచాలు రెండూ ఒకేసారి బొమ్మమనిషి మీదికి ఉరికి, చెరో చెయ్యి పట్టుకుని లాగాయి. బొమ్మ రెండు ముక్కలైంది. అప్పుడు అర్థమైంది. పొగడటమంటే ఎదుటివాడు దేనికి పనికొస్తాడో కొలిచి చూసుకోవడం. అది లేకపోతే పని పంచుకోవడమే లేదు. పొగడ్త ఉండాలి, నిమిషం మాత్రం ఉండకూడదు.

శుక్రవారం పొద్దున్నే సంఘం అత్యవసర సమావేశం జరిగింది.

"అవతలోళ్లను ఒక్క ముక్కల పొగడాలె. రెండు సెకండ్లు" అంది స్వరూప.

"ఒక్క ముక్కల తిట్టమంటే తిడ్త బిడ్డా" అన్నాడు జబ్బార్ భాయ్. "పొగుడుడంటే ఎట్లయితది?"

"భాయ్, ఇరవై ఏండ్ల సంది పొగుడుతున్నవ్. అండ్ల అసలైంది ఏదో ఒకటుంటది గదా."

జబ్బార్ భాయ్ కూర్చున్నాడు, లేచాడు. "మెరుపు లెక్క... కాదు. బూటు... బూటు కాదు." టేపు చేతికి చుట్టుకుని విప్పాడు. సుగుణ టీచరు బ్లాక్‌బోర్డు మీద భైరవ గుణాలు పద్దెనిమిది రాసి, ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చింది. ధైర్యం కొట్టేసింది. అది అందరికీ ఉందట. బలం కొట్టేసింది. అది కవచానిదట. ఓపిక దగ్గర చాక్‌పీసు ఆపి, అదీ కొట్టేసింది.

టీలు రెండుసార్లు వచ్చాయి. మూడోసారికి జబ్బార్ భాయ్ గ్లాసు కింద పెట్టి, తన ఇంట్లో మనిషి గురించి చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"కన్నార్పే లోపల బయట ఉంటది."

సుగుణ టీచరు బోర్డు మీద ఒక్కటే మిగిలింది. "భైరవ చెయ్యి వణకదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్లుగా తగువులాడుతున్న మనుషులు.

"మంచిగ చెప్పినవ్ భాయ్" అంది టీచరు.

"నువ్వే మంచిగ చెప్పినవ్" అన్నాడు జబ్బార్ భాయ్. "ఇగ మల్ల మొదలుపెట్టకు."

సోమవారం దాకా సంఘమంతా రోజూ కూర్చుని ఒక్క ముక్క పొగడ్తలే సాధన చేసింది. పోశెట్టి రాశాడు. యంత్రం చదివింది.

* * *

చివరి పరీక్ష మంగళవారం పదింటికి. చక్రధర్‌కు ఎవరి మీదా నమ్మకం లేదు. "బొమ్మను ఈసారి నేనే పెడతాను. మీవాళ్లు పెడితే గుమ్మంలోనే పెడతారు" అంటూ హెల్మెట్ పెట్టుకుని పాత సొరంగంలోకి నడిచాడు, బొమ్మను భుజాన వేసుకుని.

ఇరవై అడుగులు వెళ్లాడు. పైన 'టక్' మంది.

పొగ ఎవరూ వదల్లేదు. మంట ఎవరూ పెట్టలేదు. అయినా సొరంగం నోట్లోంచి దుమ్ము ఎగజిమ్మింది. అది సర్దుకునేసరికి గుమ్మానికి అడ్డంగా రాళ్ల గుట్ట. గుట్టకూ వంగిన ఉక్కు దూలానికీ మధ్య మనిషి పాకే సందు. దూలం మూలుగుతూ కిందికి దిగుతోంది. లోపలి కెమెరాలో చక్రధర్ కనబడ్డాడు. కాలు రాళ్ల కింద ఇరుక్కుని ఉంది. బొమ్మను రెండు చేతులా కావలించుకుని ఉన్నాడు.

"మూడు నిమిషాలే" అన్నాడు తెర మీద దూలం కొలత చూస్తున్న మనిషి.

ఒకరు దూలాన్ని ఆపాలి. ఒకరు లోపలికి వెళ్లాలి.

కవచాలు రెండూ గుమ్మం ముందు నిలబడ్డాయి.

"నాగమణి కన్నార్పే లోపల బయట ఉంటది" అన్నాడు తిరుపతి.

"తిరుపతన్న చెయ్యి వణకదు" అంది నాగమణి.

రెండే సెకన్లు. నాగమణి ఒక్క దూకులో దూలం కిందికి వెళ్లి భుజం ఆనించింది. తిరుపతి నేల మీద పడుకుని, తొందరేమీ లేనట్టు లోపలికి పాకడం మొదలుపెట్టాడు.

నలభై రెండు పుస్తకాల్లో ఎక్కడా ఇలా లేదు. స్వరూప మైకు లాక్కుంది. "తప్పు! నాగమణీ, నువ్వు లోపలికి పో! దూలం తిరుపతి పట్టాలె!"

"కాదొదినె." దూలం కింద నుంచి నాగమణి గొంతు ఇరుగ్గా వచ్చింది. "పట్టినోళ్లే ఆఖర్న రావాలె. ఆఖర్న వచ్చేటోళ్లు ఉరకాలె గదా."

స్వరూప మైకు దించింది. అంత సులువు. పదకొండేళ్లు గదినిండా మనుషులు కూర్చుని, కొండ లాంటివాణ్ణి కదా అని భైరవను తలుపు కింద నిలబెట్టారు. కవచాల బలం ఒక్కటేనని వాళ్లకు తెలుసు. అయినా ఒక్కరికీ తట్టలేదు.

లోపల తిరుపతి చక్రధర్ దగ్గరికి చేరాడు. కాలి మీద తొమ్మిది రాళ్లు, ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. ఒకటి తప్పు లాగితే మిగతావన్నీ మోకాలి మీదే. తిరుపతి వేళ్లు ఒక రాయిని తాకి వదిలేశాయి, ఇంకోదాన్ని తాకాయి, దాన్ని తీసి పక్కన పెట్టాయి, గుడ్డు పెట్టినట్టు.

"తొందరగా!" అన్నాడు చక్రధర్.

"మీరు టైముకు విలువిచ్చే మనిషి సారు" అన్నాడు తిరుపతి, రెండో రాయి తీస్తూ. "ఇగ నా మాట ఇనుండ్రి. కదలకుండ్రి. ఆ బొమ్మనియ్యిండ్రి ముందు."

"బొమ్మ ఎందుకయ్యా!"

"మీరు దాన్ని ఇడిస్తె గదా నేను మిమ్మల్ని పట్టుకునేది."

ఎనిమిది. తొమ్మిది. కాలు వచ్చింది. తిరుపతి ఆయన్ని ఛాతీ కింద పెట్టుకుని వెనక్కి పాకాడు. దూలం ఇంకో అంగుళం దిగింది. నాగమణి ఒక మోకాలి మీదికి వచ్చింది. తిరుపతి బూట్లు కనబడ్డాయి, నడుం కనబడింది, ఆఖరుకు చక్రధర్ హెల్మెట్ వెలుతురులోకి వచ్చింది.

"వచ్చినం!" అని అరిచాడు తిరుపతి.

నాగమణి భుజం తీసింది.

కప్పంతా ఒక్కసారిగా కూలిన చప్పుడుకు పరిశోధనశాల కిటికీలు గలగలలాడాయి. దుమ్ములో ఏమీ కనబడలేదు. స్వరూప గుమ్మం వైపు పరిగెత్తబోయింది.

"గటెటు పోతున్నవ్ వదినె?"

నాగమణి ఆమె వెనక నిలబడి ఉంది. కవచం నిండా బూడిద, మొహం నిండా పళ్లు. స్వరూప ఆమెను పైనుంచి కిందికి చూసింది. కుడి కాలికి బూటు ఉంది. ఎడమది దూలం కింద ఉండిపోయింది.

* * *

ఆదివారం నాలుగింటికి గ్రంథాలయంలో నిలబడే చోటు లేదు. స్వరూప పుస్తకాలు తిరిగి తెచ్చి, తారీకు చూపించి సంతకం పెట్టింది. నాగమణి జరిగిందంతా రెండుసార్లు చెప్పింది. బూటు సంగతి మాత్రం జబ్బార్ భాయ్ అయిదుసార్లు చెప్పించుకున్నాడు.



"పట్టినోళ్లే ఆఖర్న రావాలె" అన్నాడు జబ్బార్ భాయ్ తనలో తాను. "ఎన్ని ఆదివారాలు టీచరమ్మా?"

"అయిదువందల డెబ్బై." లెక్కల టీచరు కళ్లద్దాలు తుడుచుకుంది. "నేను లెక్కలు చెప్పిన మనిషిని. నాకన్న తట్టాలె."

పోశెట్టి పుస్తకం తెరిచి, గళ్లు గీసిన ఆ పేజీ తీశాడు. పెన్ను విదిలించాడు. గడియారం చూశాడు. భైరవ పేరు ఎదుట రాశాడు: 'వచ్చె. 4 గం. 20 ని.' కింద వజ్రాంగి పేరు ఎదుట రాశాడు: 'వచ్చె. అదే టైము. ఆఖరు.' పేజీ అడుగున గీత కొట్టి, ముప్పై రెండేళ్లు రాసిన మాటే మళ్లీ రాశాడు. 'ల్యాంపులన్నీ వచ్చినయ్. షిఫ్టు బంద్.'

రాసి ఆయన తల ఎత్తలేదు. జబ్బార్ భాయ్ టేపు కొసతో కళ్లు ఒత్తుకున్నాడు.

"మరి వచ్చే వారం దేని గురించి మాట్లాడుకుందం?" అన్నారు ఎవరో, దిగులుగా.

వెనక బెంచీ కిర్రుమంది. కాలికి కట్టుతో చక్రధర్ చేతికర్ర ఆసరాగా లేచాడు. నలభై పలకల ఆర్డరు మీద శుక్రవారమే సంతకం పెట్టి, ఈ రోజు ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

"నాదొక సందేహం" అన్నాడు మొహమాటంగా. "ఆ శత్రు పైలట్ సంగతి ఏం చేశారు? అతనికి ల్యాంపు లేదా?"

అందరూ వెనక్కి తిరిగారు. పోశెట్టి మెల్లగా తల ఎత్తాడు. కొత్త నోటుబుక్కు, నలభై మూడోది, బల్ల మీదికి తీసి మొదటి పేజీ సాపు చేశాడు. కళ్లలో వెలుగొచ్చింది.

"మంచి మాట అడిగినవ్ సారు. కని ముందు అవతలోళ్లను పొగడాలె. గది ఈడి పద్ధతి."

చక్రధర్ అలవాటుగా జేబులోంచి స్టాప్‌వాచ్ తీశాడు. దాన్ని చూశాడు, తిరుపతిని చూశాడు. స్టాప్‌వాచ్ మళ్లీ జేబులో పెట్టేశాడు.

"వజ్రాంగి గారు..." అని మొదలుపెట్టి, ఇందాక జబ్బార్ భాయ్ నోట విన్నది గుర్తుచేసుకుని, "జుట్టు బాగుంటుందటండీ" అన్నాడు.

బార్లా తెరిచిన తలుపుకు వీపు పెట్టి కూర్చున్న తిరుపతి ముందు ఆపుకోవాలని చూశాడు. ఆగలేదు. ఆ నవ్వుకు బల్ల మీది టీ గ్లాసులు కదిలాయి. కాలనీలో ఎక్కడో, మూడు వరసల అవతల, పసిపిల్ల ఏడుపు అందుకుంది.

పోశెట్టి అదీ రాసుకున్నాడు.